గోల్ఫ్ కర్ర: బరువు, ఒడుపు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్రాయమని మన కార్యదర్శి గారు అడిగితే గోల్ఫ్ కర్ర గురించి వ్రాస్తానన్నాను. "గుమాస్తాకు గోల్ఫుతో ఏం పనండీ?" అని నవ్వారు. పని ఉంది, మనవి చేస్తాను.

మేముండే మౌలాలికి దొరల ఆటలు కొత్త కాదు. నిజాం కాలంలో 1868లో గుర్రప్పందాలు మొదలైనది ఇక్కడే. 1886లో అవి మలక్‌పేటకు తరలిపోయాయి. గోల్ఫు మన దేశానికి కలకత్తా దారిన వచ్చింది. అక్కడ 1829లో వెలసిన క్లబ్బు బ్రిటిష్ దీవుల వెలుపల అన్నిటికంటే పాతది.

1980 ప్రాంతంలో ఫైళ్ళ మీద సంతకాల కోసం ఆదివారాలు నేను గోల్ఫు మైదానానికి వెళ్ళేవాణ్ణి. మా అధికారి మూడో నంబరు ఐరన్‌తో కొడితే బంతి లేవక నేల మీద పాకేది. ఇంకా బరువైన కర్ర కావాలనేవారు. సంచి మోసే కుర్రవాడు నా చెవిలో, "బరువు తక్కువై కాదు సార్, ఉండవలసిన చోట లేదు" అన్నాడు. ఆ మాట పైవారికి చెప్పే ధైర్యం వాడికీ లేదు, నాకూ లేదు.

తొలి రోజుల్లో కర్ర కాడ హికరీ చెక్క. 1929లో సెయింట్ ఆండ్రూస్ పెద్దలు ఉక్కు కాడకు అనుమతి ఇచ్చారు. 'వుడ్' అనే కర్రకు తల పర్సిమన్ చెక్క. అది మన బీడీ ఆకు తునికి చెట్టుకు దగ్గరి చుట్టం. 1979లో అమెరికాలో లోహపు తల వచ్చినా 'వుడ్' అన్న పేరు పోలేదు. 2000 తర్వాత కొద్ది ఏళ్ళకే హైబ్రిడ్ వ్యాప్తిలోకి వచ్చింది. పొడవు ఇంచుమించు ఐరన్‌ది, బోలు తల వుడ్‌ది. తల బోలు కనుక బరువును కిందికి, వెనక్కి జరిపారు. దాంతో బంతి సులువుగా లేస్తుంది.

మా మేనల్లుడు అమెరికా నుండి తెచ్చిన రెండు కర్రలను వీధి చివర కిరాణా కొట్టు కాటాలో తూచాను. ఉక్కు కాడ ఐరన్ 415 గ్రాములు, గ్రాఫైట్ కాడ హైబ్రిడ్ 360. తలల బరువులో పెద్ద తేడా ఉండదు. తగ్గినదంతా కాడలోనే. కొట్టేటప్పుడు చీపురుతో ఊడ్చినట్టు కాక, ఐరన్‌లాగే కాస్త పైనుండి దించాలి. సంచిలో పద్నాలుగు కర్రలే ఉండాలన్నది 1930ల చివరి నాటి నియమం. మంజూరైన పోస్టుల లెక్కన్నమాట. హైబ్రిడ్ చేరితే పొడవాటి ఐరన్ పదవీ విరమణ చేయాలి.

ఇది ముసలివారి కర్ర అని ఎగతాళి చేసేవారున్నారు. 2009 పీజీఏ పోటీలో కొరియా ఆటగాడు వై.ఇ. యాంగ్ ఆఖరి గుంటకు 206 గజాల దూరం నుండి హైబ్రిడ్‌తోనే కొట్టి, టైగర్ వుడ్స్‌ను ఓడించాడు.

బలం తగ్గిన మన వయసువారికి ఇందులో ఒక ఊరట ఉంది. ఉన్న కాస్త బరువూ సరైన చోట ఉంటే చాలు. ఆ కుర్రవాడు ఎప్పుడో చెప్పాడు. ఆనాడు నేను పైకి నివేదించని ఆ మాటను ఆలస్యంగానైనా ఈ సంచికలో నమోదు చేస్తున్నాను.