దాణా పద్దు

మొన్న మాఘమాసంలో మా పెద్దాడబిడ్డ కొడుకు పెళ్ళికి హైదరాబాదు వెళ్ళాం. పెళ్ళికొడుకు కారులో రావడం పాతబడిపోయిందట. గంటకింత అని మాట్లాడుకుని ఒక తెల్లగుర్రాన్ని తెప్పించారు. అద్దె విని మా ఆడబిడ్డ భర్త ఒక్కసారి కళ్ళు తేలేశారు గానీ, వెంటనే సర్దుకుని, "పోనీలే, మగపిల్లాడి ముచ్చట" అని జేబులోంచి నోట్లు తీశారు. ఇంతలో పెళ్ళికూతురి పిన్ని నవ్వుతూ, "మా పిల్ల కూడా ఎక్కుతానంటోందండీ అన్నయ్యగారూ!" అంది. ఆయన, "ఆడపిల్లకి గుర్రమేమిటమ్మా, దండగ ఖర్చు!" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ తిరిగి వచ్చేటప్పుడు రైల్లో ఆ మాట నా పక్క సీట్లోనే కూర్చున్నట్టుంది.

అదే గుర్రం. అదే అద్దె. ఒకరెక్కితే ముచ్చట, ఇంకొకరెక్కితే దండగా?

గుర్రమంటే ఖర్చే, అందులో అనుమానం లేదు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని మనవాళ్ళు ఊరికే అనలేదు. స్వారీ చేసినా చేయకపోయినా దానికి తిండి పెట్టాలి, లాయం ఉండాలి, లాడాలు వేయించాలి, మాలీసు చేసే మనిషి ఉండాలి. అందుకే సరదా కోసం గుర్రాలను పెంచడం ఏ దేశంలోనైనా కలవారింటి వ్యవహారమే. ఆ కలవారు రాజకీయాల్లో కూడా ఉంటే చెప్పేదేముంది? ఆ దాణా లెక్క ఊరందరి నోళ్ళలోనూ పడుతుంది.

నాకు వెంటనే జాక్విలిన్ కెనెడీ గుర్తొచ్చింది. ఆవిడ చీరలాంటి గౌన్ల గురించీ ముత్యాల దండల గురించీ మన ఆడవాళ్ళు చాలానే చదివి ఉంటారు. ఆవిడకి వాటికన్నా ఇష్టమైనది గుర్రం. 1929లో పుట్టింది. తల్లి జానెట్ పేరున్న రౌతు. పదకొండేళ్ళ వయసులోనే, 1940లో, న్యూయార్కులో జరిగిన జాతీయ అశ్వప్రదర్శనలో పిల్లల పోటీల్లో గెలిచి పత్రికలకెక్కింది. అమ్మానాన్నలు విడాకులు తీసుకున్నది కూడా ఆ ఏడాదే. ఇల్లు రెండుగా చీలిన ఆ పిల్లకి డాన్సూజ్ అనే ఆడగుర్రం తోడుగా ఉండేది. తరవాత హాస్టలు బడికి వెళ్ళినప్పుడు తాతగారిని బతిమాలి, దాని ఖర్చు ఆయనచేత పెట్టించి, గుర్రాన్ని కూడా బడికి తెప్పించుకుంది. మనింట్లో ఆడపిల్లలు హాస్టలుకి ఆవకాయ జాడీ పట్టుకెళ్ళినట్టు ఆవిడ గుర్రాన్ని పట్టుకెళ్ళిందన్నమాట!

అలాంటి మనిషికి దొరికిన మొగుడికి గుర్రాలంటే పడదు. ఇష్టం లేక కాదు, ఒంటికి పడదు. జాన్ కెనెడీకి జంతువుల వెంట్రుకలు తగిలితే ఎలర్జీ. ఆయన సరదా వేరు, తెరచాపల పడవ. పదిహేనో పుట్టినరోజుకి, 1932లో, ఇంట్లోవాళ్ళు కొనిచ్చిన విక్టూరా అనే పడవని ఆయన జీవితాంతం ఉంచుకున్నారు. 1953లో పెళ్ళికి ముందు 'లైఫ్' పత్రిక ముఖచిత్రంగా వేసింది కూడా ఆ జంట పడవమీద నవ్వుతూ కూర్చున్న ఫొటోనే. గాలికి ఎగిరే జుట్టు, ఎండకి కమిలిన మొహం చూసి జనం, "ఎంత ఉత్సాహవంతుడైన యువకుడు!" అని మురిసిపోయారు. పడవ ఖర్చెంతని ఎవరూ పెద్దగా అడిగినట్టు లేదు.

మరి గుర్రాల సంగతి? 1961లో ఆయన అధ్యక్షుడయ్యాక, వాషింగ్టనుకి దూరంగా వర్జీనియాలో, మిడిల్‌బర్గ్ అనే ఊరి దగ్గర, గ్లెన్ ఓరా అనే తోటని అద్దెకి తీసుకున్నారు. సుమారు 400 ఎకరాలు. శనాదివారాలు వస్తే ఆవిడ అక్కడికి వెళ్ళిపోయి గుర్రమెక్కేది. నక్కలవేటకి వెళ్ళే వేటకుక్కల వెంట కంచెలు దూకేది. ఇది కలవారి విలాసమని ఓటర్లు అనుకుంటారేమోనని కెనెడీకి బెంగ. అదే ఏడాది నవంబరులో గుర్రం కంచె దగ్గర ఆగిపోగా ఆవిడ తలకిందులుగా పడుతున్న క్షణాన్ని ఒక ఫొటోగ్రాఫరు పట్టేశాడు. ఆ బొమ్మ అచ్చయింది కూడా. మొగుడి పడవ ఫొటో ఆయనకి కీర్తి తెచ్చింది. పెళ్ళాం గుర్రం ఫొటో ఇంట్లో తలనొప్పి తెచ్చింది.

మరుసటి సంవత్సరం మార్చిలో ఆవిడ మన దేశానికీ, పాకిస్తానుకీ వచ్చింది. లాహోరులో అధ్యక్షుడు అయూబ్‌ఖాన్ ఆవిడకి సర్దార్ అనే గుర్రాన్ని బహూకరించాడు. చీరలూ, వెండి సామానూ కాకుండా గుర్రాన్నిచ్చాడంటే ఆవిడ మనసు తెలిసినవాడే అనుకోవాలి. ఆ సెప్టెంబరులో ఆయన అమెరికా వెళ్ళినప్పుడు ఇద్దరూ కలిసి మిడిల్‌బర్గ్‌లో స్వారీ చేశారు.

మన దేశంలో ఆవిడకి ఆతిథ్యమిచ్చిన వాళ్ళలో జైపూరు రాజదంపతులున్నారు. మహారాజు మాన్‌సింగ్ ప్రపంచం మెచ్చిన పోలో ఆటగాడు. 1933లో తన జట్టునీ, గుర్రాలనీ ఓడలో ఇంగ్లండు తీసుకెళ్ళి అక్కడి పెద్ద పోటీలన్నీ గెలుచుకొచ్చాడు. దాణా ఖర్చు జైపూరు సంస్థానానిది, కీర్తి దేశానిది. ఆ ఖర్చుని దండగ అన్నవాళ్ళకన్నా గర్వపడ్డవాళ్ళే ఎక్కువ. 1970లో ఇంగ్లండులోనే సైరన్‌సెస్టర్ పోలో మైదానంలో ఆయన ప్రాణం పోయింది. ఆయన భార్య గాయత్రీదేవి 1962లో స్వతంత్ర పార్టీ తరఫున లోకసభకి నిలబడి రికార్డు మెజారిటీతో గెలిచింది. పోలో మైదానంలో ఆయన వెంట ప్రేక్షకురాలిగా ఉన్నావిడ ఎన్నికల్లో మటుకు ముందు వరసలోకి వచ్చింది!

జాక్విలిన్ కథ ఇంకొంచెం ఉంది. 1963లో ఆవిడ తనకి నచ్చినట్టు గీయించుకుని అటోకా అనే చోట ఒక ఇల్లు కట్టించింది. భర్త పూర్వీకుల ఐరిష్ జిల్లా పేరే పెట్టి వెక్స్‌ఫర్డ్ అంది. లాయాలూ, స్వారీకి బాటలూ అన్నీ అమరాయి. కానీ ఆ ఇంట్లో ఆ సంసారం గడిపింది కొద్ది వారాంతాలే. నవంబరు 22న డాలస్‌లో అధ్యక్షుడిని కాల్చి చంపారు. మూడు రోజుల తరవాత శవయాత్రలో, రౌతు లేని నల్లగుర్రం ఒకటి, రికాబుల్లో బూట్లు వెనక్కి తిప్పి పెట్టి, శవపేటిక వెనకాల నడిచింది. దాని పేరు బ్లాక్ జాక్. ఒక సైన్యాధిపతి ముద్దుపేరు దానికి పెట్టారు. ఆవిడ తండ్రిని కూడా అందరూ ఆ పేరుతోనే పిలిచేవాళ్ళు. కాకతాళీయమే. అయినా చిన్నప్పటి నుంచీ గుర్రంతో దుఃఖం మరిచిపోయిన మనిషి ముందు, ఆ రోజు గుర్రమే దుఃఖమై నడిచింది.

మర్నాటేడు వెక్స్‌ఫర్డ్ అమ్మేసింది. విచిత్రమేమిటంటే, 1980లో ఎన్నికల ప్రచారం చేస్తూ అదే ఇంట్లో అద్దెకి దిగింది రోనాల్డ్ రీగన్ దంపతులు! రీగన్‌కీ గుర్రాలంటే ప్రాణం. 1982 జూన్‌లో విండ్సర్‌లో ఇంగ్లండు రాణితో కలిసి స్వారీ చేసిన ఫొటో లోకమంతా చూసింది. కాలిఫోర్నియాలో ఆయనకి కొండమీద సొంత పొలముంది, గుర్రాలున్నాయి. ఆ గుర్రాలు కూడా గడ్డీ దాణా తినేవే. కానీ గుర్రంమీద రీగన్‌ని చూస్తే అమెరికా వాళ్ళకి కౌబాయ్ సినిమాలు గుర్తొచ్చేవి. ఆయన గుర్రం ఓట్లు మోసింది.

ముప్ఫై ఏళ్ళ తరవాత ఇంకో గుర్రం ఓట్లు పోగొడుతుందేమోనని భయపెట్టింది. 2012లో రిపబ్లికన్ పార్టీ అభ్యర్థి మిట్ రోమ్నీ భార్య ఆన్‌కి రఫాల్కా అనే ఆడగుర్రంలో వాటా ఉంది. డ్రెస్సాజ్ అనే పోటీ దానిది. అంటే గుర్రం చేత లయ తప్పకుండా అడుగులు వేయించడం, గుర్రం కూచిపూడి అనుకోండి. ఆ ఏడాది లండన్ ఒలింపిక్స్‌లో యాన్ ఎబెలింగ్ అనే రౌతుతో అది పాల్గొంది కూడా. 2010 ఆదాయపు పన్ను కాగితాల్లో రోమ్నీలు ఈ గుర్రం మీద 77 వేల డాలర్లకి పైగా నష్టం చూపించారని బయటికొచ్చేసరికి దేశమంతా ఒకటే వేళాకోళం. నిజానికి ఆ సంవత్సరం వాళ్ళకి అందులో మినహాయింపుగా దక్కింది 49 డాలర్లే. అవతలి పార్టీ డాన్సు చేసే గుర్రంతో ప్రకటన తయారుచేసి, తరవాత ఆవిడకి క్షమాపణ చెప్పుకుంది. భర్తగారేమో, అది ఆన్ ఆట, తను చూడబోవడం లేదు, ఏ రోజో కూడా సరిగ్గా తెలియదు అన్నారు!

ఇక్కడ నాకు మనసు చివుక్కుమంది. ఎందుకంటే ఆవిడ సరదాకి గుర్రమెక్కలేదు. 1998లో ఆవిడకి మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు బయటపడింది. కాళ్ళూ చేతులూ మాట వినని రోజుల్లో, గుర్రంమీద కూర్చుంటే ఒంట్లోకి మళ్ళీ బలమొచ్చిందని ఆవిడ చెప్పుకుంది. ఆ గుర్రం ఆవిడకి మందు. ఓటర్ల ముందు మటుకు అది భర్త దాచుకోవలసిన మచ్చ అయింది.

అయితే జబ్బున్నంత మాత్రాన లెక్క అడగకూడదా అంటే, అడగాలనే అంటాను నేను. మందుల దుకాణం ముందు చీటీ పట్టుకుని చిల్లర లెక్కపెట్టుకునే ఆడవాళ్ళు ఆ దేశంలోనూ ఉన్నారు, మన దేశంలోనూ ఉన్నారు. వాళ్ళకి ఒలింపిక్ గుర్రం దొరకదు. పన్ను కాగితంలో గుర్రం నష్టం చూపించే కుటుంబాన్ని జనం నిలదీయడం తప్పు కాదు. నేననేది ఒకటే. లెక్క అడిగితే పడవకీ అడగాలి, పోలోకీ అడగాలి, కౌబాయ్ టోపీకీ అడగాలి. భార్య గుర్రం దగ్గరే పద్దు పుస్తకం తెరిస్తే అది న్యాయం కాదు.

జాక్విలిన్ చివరిదాకా స్వారీ మానలేదు. 1993 నవంబరులో, అరవై నాలుగేళ్ళప్పుడు, మళ్ళీ వర్జీనియాలోనే గుర్రంమీద నుంచి పడి స్పృహ తప్పింది. ఆ తరవాత కొద్ది కాలానికే కాన్సరని తేలింది. 1994 మే నెలలో వెళ్ళిపోయింది. ఎన్ని ఇళ్ళు మారినా, ఎన్ని ఇంటిపేర్లు మారినా, గుర్రంమీద ఉన్నంతసేపు ఆవిడ ఒకరి భార్యగానో, ఒకరి వితంతువుగానో కాక తనుగానే ఉండి ఉంటుందని నాకనిపిస్తుంది.

మనకి అంత పెద్ద గుర్రాలు లేవు. మా అమ్మకి వీణ ఉండేది. తీగె తెగితే కొత్తది కొనడానికి నెలలు పట్టేది. మా నాన్నగారు క్లబ్బులో పేకాటకి పెట్టిన డబ్బు ఇంటి పద్దులో "కాలక్షేపం". అమ్మ వీణకి పెట్టింది "దండగలు". రెండూ ఆయన దస్తూరీయే. చెడ్డవారు కాదు పాపం, ఆ తేడా ఆయనకి కనిపించనే లేదు. అమ్మకి కనిపించిందో లేదో, నేనెప్పుడూ అడగలేదు.

పెళ్ళినుంచి వచ్చిన మర్నాడు బీరువా మీద నుంచి ఆ వీణ దింపించాను. మైనం ఎండిపోయి మెట్లు కదిలిపోయాయి. బాగుచేసే ఆయన చెప్పిన ధర విని మావారు, "అంతా?" అన్నారు. ఆ తెల్లగుర్రానికి రెండు గంటలకి ఇచ్చినంతే అయింది. ఆ మాటే చెప్పాను. ఆయన నవ్వి ఊరుకున్నారు.

ఈ నెల పద్దు నేనే రాశాను. బియ్యం, పాలు, కరెంటు, వీణ. వరసగా, ఒకే ఖాతాలో.