ఎల్‌కే-99: కంప్యూటర్ లెక్క చెప్పిందేంటి.. జనం విన్నదేంటి?

మామూలు గది వేడిలోనే, ఇసుమంత కూడా నష్టం లేకుండా కరెంటు పారే పదార్థం! 2023 జులై 22న దక్షిణ కొరియా పరిశోధకులు దాన్ని తయారు చేశామనడంతో సోషల్ మీడియా షేక్ అయింది. పేరు ఎల్‌కే-99. సీసం, ఫాస్ఫేట్ ఉండే అపటైట్‌లో కొంత సీసం బదులు రాగి పెట్టారు. 127 డిగ్రీల సెల్సియస్ దాకా అది సూపర్‌కండక్టరే అన్నది వాళ్ల మాట.

పది రోజులు తిరక్కుండానే అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ నేషనల్ ల్యాబ్ శాస్త్రవేత్త షినేడ్ గ్రిఫిన్ కంప్యూటర్ లెక్కలు బయటపెట్టారు. ఇంకేముంది.. కంప్యూటర్ కూడా ఓకే చెప్పేసిందంటూ ఒకటే హడావిడి. లెక్కలో ఉన్నది మాత్రం వేరు.

అసలేంటా లెక్క?

దాన్ని డెన్సిటీ ఫంక్షనల్ థియరీ అంటారు. దీనికి పునాది వేసిన వాల్టర్ కోన్‌కు 1998లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా లెక్కించడం ఏ సూపర్ కంప్యూటర్ వల్లా కాదు. అందుకే అవి ఎక్కడ ఎంత చిక్కగా ఉన్నాయో చూసి, దాన్నిబట్టి శక్తిని లెక్కగడతారు. పరమాణువులు ఎలా అమరి ఉన్నాయో మాత్రం మనమే ముందుగా చెప్పాలి.

గ్రిఫిన్ లెక్కలో ‘ఫ్లాట్ బ్యాండ్లు’ కనిపించాయి. అంటే ఎలక్ట్రాన్ ఎటు కదిలినా దాని శక్తి పెద్దగా మారదు. అలాంటిచోట ఎలక్ట్రాన్లు నత్తనడక నడుస్తూ, ఒకదానిపై ఒకటి గట్టి ప్రభావం చూపుతాయి. సూపర్‌కండక్టర్ల వేటలో ఇది మంచి ఆనవాలే. కానీ అవే ఎలక్ట్రాన్లు అయస్కాంతత్వం వైపు పోవచ్చు, కరెంటే పారని స్థితిలో ఇరుక్కోనూవచ్చు. పైగా రాగి ఒక ప్రత్యేకమైన సీసం స్థానంలో కూర్చుంటేనే ఈ బ్యాండ్లు వస్తాయి. ఆ చోటు రాగికి అంత అనుకూలం కాదని ఆ పేపర్‌లోనే ఉంది! హడావిడిలో అదెవరు చదివారు?

ల్యాబ్‌లో తేలిందేంటి?

ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ టీమ్ తయారు చేసి చూస్తే సూపర్‌కండక్టివిటీ జాడే లేదు. జర్మనీలోని స్టట్‌గార్ట్ మాక్స్ ప్లాంక్ సంస్థ స్వచ్ఛమైన స్ఫటికం పెంచితే అది ఇన్సులేటర్ అని తేలింది. మరి కొరియా నమూనాలో 104 డిగ్రీల దగ్గర రెసిస్టెన్స్ ఒక్కసారిగా ఎందుకు పడిపోయింది? అందులో కలిసిన కాపర్ సల్ఫైడ్ మలినం వల్ల!

అలాగని కంప్యూటర్ లెక్కలు దండగ కాదు. హైడ్రోజన్ సల్ఫైడ్‌ను విపరీతంగా నొక్కితే సుమారు 200 కెల్విన్ దగ్గర సూపర్‌కండక్టర్ అవుతుందని 2014లో చైనా పరిశోధకులు లెక్కగట్టారు. 2015లో జర్మనీ ప్రయోగంలో 203 కెల్విన్, అంటే మైనస్ 70 డిగ్రీలు నమోదైంది. కాకపోతే వాతావరణ పీడనానికి దాదాపు 15 లక్షల రెట్ల ఒత్తిడి కావాల్సొచ్చింది. చైనా టీమ్ బ్యాండ్లు చూసి ఆగిపోలేదు.. పరమాణువుల కంపనాలు ఎలక్ట్రాన్లను ఎంత గట్టిగా జత కడతాయో కూడా లెక్కేసింది.