పాట ఒకటే.. హక్కుదారులు ఎందరో! సినిమా పాట డబ్బు ఎవరికి వెళ్తుంది?

ఫోన్‌లో ఒక పాట ప్లే చేస్తాం. మూడు నిమిషాల్లో అయిపోతుంది. మరి ఆ పాటకి వచ్చే డబ్బు ఎవరికి చేరుతుంది? రాసిన కవికా, ట్యూన్ కట్టిన సంగీత దర్శకుడికా, పాడిన గాయకుడికా, నిర్మాతకా? 2017లో అమెరికా టూర్‌లో తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దంటూ ఇళయరాజా నుంచి ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి లీగల్ నోటీసు వచ్చినప్పుడు చాలామందికి ఇదే డౌట్ వచ్చింది. బాలు పాడిన పాటని బాలు పాడుకోకూడదా? అసలు చట్టం ఏం చెబుతోంది?

ఒక పాటలో ఎన్ని హక్కులు?

కాపీరైట్ చట్టం 1957 ప్రకారం సాహిత్యం ఒక రచన. బాణీ మరో రచన. ఈ రెండూ కలిపి స్టూడియోలో చేసిన రికార్డింగ్ మూడోది. దేని హక్కు దానిదే. గాయకుడికి ఉండేది ఇంకో రకం.. ప్రదర్శకుల హక్కు. ఇది 1994 సవరణతో చట్టంలోకి వచ్చింది. అంటే పాడినంత మాత్రాన ట్యూన్ మీద గాయకుడికి హక్కు రాదు. వేదికపై పాడించాలంటే సాహిత్యం, సంగీతం హక్కులున్నవారి నుంచి లైసెన్స్ ఉండాలి. మామూలుగా ఆ పని ఈవెంట్ నిర్వాహకులే చూసుకోవాలి.

నిర్మాతే యజమాని అన్న తీర్పు

రచయితలు, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే సంస్థ ఐపీఆర్ఎస్. 1969లో ఏర్పడింది. సినిమా కోసం డబ్బులిచ్చి చేయించుకున్న పాటకి, వేరే ఒప్పందం లేకపోతే, నిర్మాతే మొదటి యజమాని అని 1977లో సుప్రీంకోర్టు తేల్చింది. దాంతో ఒకేసారి ఇచ్చే పారితోషికమే చాలామందికి ఆఖరి డబ్బు అయింది. పాట క్యాసెట్‌గా, సీడీగా, రింగ్‌టోన్‌గా ఎంత అమ్ముడైనా రాసినవారి ఇంటికి పైసా రాని పరిస్థితి.

2012లో ఏం మారింది?

గేయ రచయిత జావేద్ అక్తర్ రాజ్యసభలో గట్టిగా మాట్లాడారు. 2012 జూన్ 21 నుంచి సవరణ చట్టం అమల్లోకి వచ్చింది. హక్కులు నిర్మాతకి రాసిచ్చినా సరే, థియేటర్‌లో సినిమాతో పాటు వినిపించడం మినహా మిగతా వాడకాలన్నిటిపై రచయితకి, స్వరకర్తకి సమాన వాటా రాయల్టీ ఇవ్వాల్సిందే. 'నాకు రాయల్టీ వద్దు' అని అగ్రిమెంట్‌లో సంతకం పెట్టించుకున్నా అది చెల్లదు. వారసులకి లేదా కాపీరైట్ సొసైటీకి తప్ప ఆ హక్కుని ఇంకెవరికీ రాసివ్వడం కుదరదు. గాయకులకి కూడా ప్రదర్శనల వాణిజ్య వాడకంపై రాయల్టీ హక్కు దక్కింది.

యాప్‌ల నుంచి పాటలు ఎందుకు మాయం?

రేడియో, టీవీలు చట్టం నిర్ణయించిన రేటు కట్టి పాటలు వేసుకునే వీలు సెక్షన్ 31డీలో ఉంది. అది ఇంటర్నెట్ స్ట్రీమింగ్‌కి వర్తించదని టిప్స్, వింక్ కేసులో 2019లో బాంబే హైకోర్టు చెప్పింది. 2022లో డివిజన్ బెంచ్ కూడా అదే మాట సమర్థించింది. కాబట్టి యాప్‌లు ఒక్కో మ్యూజిక్ కంపెనీతో బేరం ఆడుకోవాలి. బేరం కుదరకపోతే పాట మాయం. 2023 మార్చిలో స్పాటిఫై నుంచి జీ మ్యూజిక్ పాటలు పోయింది ఇందుకే. ఇక పాటకి ఇంత అని స్పాటిఫైలో ఫిక్స్‌డ్ రేటు ఉండదు. చందాలు, ప్రకటనల సొమ్మంతా ఒకచోట చేర్చి, ఎవరి పాట ఎంత విన్నారో చూసి పంచుతారు.

పెళ్లిలో పాట పెట్టొచ్చా?

పెట్టొచ్చు. మతపరమైన వేడుకలకి మినహాయింపు ఉంది. పెళ్లి ఊరేగింపు, పెళ్లికి సంబంధించిన వేడుకలూ అందులోకే వస్తాయి. 2023 జులైలో కేంద్రం పబ్లిక్ నోటీసు ఇచ్చి మరీ ఈ విషయం గుర్తుచేసింది. కానీ అదే పాటతో పెళ్లి వీడియో యూట్యూబ్‌లో పెడితే కథ వేరు. అక్కడ కంటెంట్ ఐడీ సాఫ్ట్‌వేర్ పాటని గుర్తుపట్టేస్తుంది. వీడియో ఆపాలా, యాడ్స్ డబ్బు తీసుకోవాలా అన్నది హక్కుదారు ఇష్టం.

పాత పాటలైతే ఫ్రీయేనా?

కాదు. రచయిత, స్వరకర్త చనిపోయాక మరో 60 ఏళ్లు హక్కు ఉంటుంది. 1957లో వచ్చిన 'మాయాబజార్' సినిమా కాపీరైట్‌కి 60 ఏళ్ల గడువు 2017తో ముగిసింది. కానీ పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో కన్నుమూశారు. కాబట్టి ఆ సాహిత్యంపై హక్కు 2031 చివరిదాకా ఉంటుంది. సంగీతం అందించిన ఘంటసాల 1974లో పోయారు. ఆయన బాణీలకి 2034 దాకా రక్షణ ఉంది.

ఇప్పుడు గొంతు వంతు

2023లో వచ్చిన 'కీడా కోలా'లో బాలు గొంతుని ఏఐతో సృష్టించారంటూ ఆయన కుమారుడు ఎస్పీ చరణ్ లీగల్ నోటీసు పంపారు. 2024లో అర్జీత్ సింగ్ గొంతుని అనుమతి లేకుండా ఏఐతో వాడకుండా బాంబే హైకోర్టు అడ్డుకట్ట వేసింది. గొంతుకి కాపీరైట్ లేదు. అందుకే అక్కడ పనికొచ్చింది వ్యక్తిత్వ హక్కు.

కొత్తగా పాటలు రాసేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. హక్కు చట్టంలో ఉన్నా డబ్బు దానంతట అది ఇంటికి రాదు. ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం తీసుకోవాలి, ప్రతి పాటనీ తన పేరు మీద నమోదు చేయించుకోవాలి. పేరు లేని పాటకి వాటా లెక్కగట్టేవాళ్లు ఉండరు.