తాళంచెవి ఇవ్వకుండా తలుపు తీయించడం

భిలాయి స్టీల్ ప్లాంటు కోసం 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. అప్పటి నుంచీ భిలాయి బతుకంతా ఆ ప్లాంటు గేటు చుట్టూనే. ఆంధ్ర నుంచి పనికొచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో గేట్ పాస్ సంగతి చిన్నపిల్లలకూ తెలుసు. ఐఐటీ కూడా వచ్చిన ఈ ఊళ్లో కోడు రాసే కుర్రకారుకు ఇంకో గేటుంది, కోడు దాచుకుని పంచుకునే గిట్‌హబ్. 2021 ఆగస్టు 13 నుంచి అక్కడ గిట్ పనులకు ఖాతా పాస్‌వర్డ్ చెల్లదు. టోకెనో, ఎస్‌ఎస్‌హెచ్ కీయో కావాలి. ఇది కంపెనీ తెచ్చిపెట్టిన కొత్త తంటా అని విసుక్కునేవాళ్లున్నారు. జనం బద్ధకంగా తేలిక పాస్‌వర్డ్‌లు పెట్టుకోబట్టే ఈ గతి పట్టిందనేవాళ్లూ ఉన్నారు. చరిత్ర చూస్తే రెండూ నిలవవు. పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా, లోపలికి వెళ్లిన ప్రతిసారీ దాన్ని అవతలివాడి చేతిలో పెట్టాలి. అసలు లోపం అదే.

1995లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో మాటువేసి పాస్‌వర్డ్‌లు పట్టేశారు. దూరపు కంప్యూటర్లలోకి వెళ్లడానికి వాడే టెల్నెట్, ఆర్‌లాగిన్ వాటిని ఉన్నవున్నట్టు తీగ మీద పంపేవి కనుక అందులో పెద్ద విద్యేమీ అక్కర్లేదు. అక్కడి పరిశోధకుడు తాతు యులోనెన్ ఆ ఏడాదే ఎస్‌ఎస్‌హెచ్ రాసి విడుదల చేశాడు. దాని వెనకున్న జంట తాళాల ఊహ డిఫీ, హెల్‌మన్‌లు 1976లోనే ప్రచురించినది. ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది: దారి పొడవునా గుప్తలిపి ఉన్నాక పాస్‌వర్డ్‌తో చిక్కేమిటి? దారి భద్రమే, గమ్యం మాటేమిటి? అవతలి సర్వరు దొంగల చేతిలో ఉంటే పాస్‌వర్డ్ నేరుగా వాళ్లకే చేరుతుంది. కీ పద్ధతిలో మన యంత్రం తన దగ్గరే ఉండే ప్రైవేటు కీతో ఆ ఒక్క సంభాషణకే చెల్లే సంతకం పెడుతుంది. సర్వరు దాన్ని జంటలో రెండోదైన పబ్లిక్ కీతో సరిచూస్తుంది. రహస్యం ఇల్లు కదలదు. ఆ లెక్కన టోకెన్ సగం మందే: దాన్నీ పంపక తప్పదు, కాకపోతే గడువూ పరిధీ పెట్టుకోవచ్చు.

చేయాల్సింది కొంచెమే. ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్‌కు ఈడీ25519 రకం అని చెబితే రెండు ఫైళ్లు పుడతాయి. పేరు చివర పబ్ అని ఉన్నదాన్ని ఖాతా సెట్టింగ్స్‌లో అతికించాలి, రెండోది ఎవరికీ ఇవ్వకూడదు. మరి ల్యాప్‌టాప్ పోతే? కీ ఫైలుకు కాపలాగా పాస్‌ఫ్రేజ్ అడిగినప్పుడు ఊరికే ఎంటర్ కొట్టేసినవాడికి ఆ భయం నిజమే. గట్టి పాస్‌ఫ్రేజ్ పెట్టినవాడు ఖాతాలోంచి ఆ కీ తీసేసేంత వ్యవధి సంపాదించుకున్నట్టే. కాలేజీ ల్యాబ్‌లో పదిమంది వాడే కంప్యూటర్ మీద కీ వదిలిపెట్టడానికి మాత్రం ఏ సమర్థనా లేదు.

గిట్‌హబ్బే తన రహస్యం దాచుకోలేకపోయింది కదా అనవచ్చు. నిజమే. 2023 మార్చిలో సర్వరు గుర్తింపుకు వాడే దాని ఆర్‌ఎస్‌ఏ ప్రైవేటు హోస్ట్ కీ కాసేపు ఒక బహిరంగ రిపోజిటరీలో కనబడింది. 24న దాన్ని మార్చేశారు. సర్వరు గుర్తింపు మారిందంటూ తెర మీద హెచ్చరిక చూసి చాలామంది కంగారుపడ్డారు. అయినా వాళ్లు చేయాల్సిందల్లా నోన్ హోస్ట్స్ ఫైల్లో పాత వరస చెరిపి, కొత్త వేలిముద్రను గిట్‌హబ్ ప్రకటించినదానితో పోల్చుకోవడం. వాడుకరుల ప్రైవేటు కీలు ఏనాడూ అక్కడికి చేరలేదు గనుక ఒక్కటీ మార్చాల్సిన పని పడలేదు.