చేప పేరు పక్కన ఎవరి పేరుంది?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం అని ఒకే ఊపులో అనేస్తాం గానీ, అక్కడ పడిన వాననీళ్లు ఒకే దారి పట్టవు. మదనపల్లె బాహుదా నీళ్లు చెయ్యేరు మీదుగా పెన్నకు పోతాయి. కుప్పం నీళ్లు పాలారుకు. పుంగనూరు, పలమనేరు దిక్కు కౌండిన్య కూడా గుడియాత్తం దాటి పాలారులోనే కలుస్తుంది. వాగులో పరిగెకి జిల్లా తెలీదు, నీటిదారే తెలుసు.

పాత రికార్డులకు మాత్రం జిల్లాలే తెలుసు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడకముందు మదనపల్లె కడప జిల్లాలో, పుంగనూరు జమీ, కుప్పం ఉన్న కంగుంది జమీ ఉత్తర ఆర్కాటులో ఉండేవి. అందుకే పాత పుస్తకంలో చేప పక్కన ‘కడప’ అని ఉన్నా అది ఏ వాగు చేపో తేలదు.

ఆ పుస్తకాలు రాసింది ఎవరంటే, ఎక్కువగా కంపెనీ డాక్టర్లు. జెర్డన్ 1849లో దక్షిణాది మంచినీటి చేపల్ని వర్ణించాడు. పుంటియస్ డార్సాలిస్ అనే చిన్న చేప పేరు వెనక ఇప్పటికీ ‘జెర్డన్, 1849’ అని రాస్తారు. తర్వాత ఫ్రాన్సిస్ డే కలెక్టర్లకు, తహసీల్దార్లకు ప్రశ్నలు పంపి, జవాబులు కూర్చి 1873లో రిపోర్టు వేశాడు. ఆయన పెద్ద పుస్తకంలో తెలుగు చేపల పేర్లు కూడా ఉన్నాయి. ఆ పేర్లు తహసీల్దారు పుట్టించినవా? వల వేసేవాళ్ల నోట్లోంచి వచ్చినవే కదా! వాళ్ల పేర్లు మాత్రం లేవు.

పైగా, సన్నకన్ను వలలతో పిల్లచేపల్ని నాశనం చేస్తున్నారని డే ఫిర్యాదు. 1897లో ఫిషరీస్ చట్టం వచ్చింది. మందుపాతరతో, విషంతో చేపలు పట్టడం నేరమైంది, అది మంచిదే. వల కన్ను ఎంతుండాలో నిర్ణయించే అధికారం కూడా సర్కారుకే పోయింది. వాగు మీద బతికే యానాదుల్లాంటి వాళ్లను అడిగిందెవరు?

ఇంకోటి చూడండి. 1885 నుంచి మద్రాసు మ్యూజియం నడిపిన థర్‌స్టన్ ముత్యపు చిప్పల వేట గురించీ రాశాడు, మనుషుల తలలూ కొలిచాడు. 1909లో అచ్చైన ఆయన సంపుటాల్లో యానాదులు, ఎరుకలవాళ్లు ఉన్నారు. కొలతలకి పనికొచ్చాం, చేపల లెక్కకి సాక్షులం కాలేకపోయాం.

2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. మీ పంచాయతీ ఆఫీసులో అడిగి చూడండి. అందులో చేపల పేజీ ఉంటే ఇంట్లో పెద్దోళ్లని కూర్చోబెట్టి చదివి వినిపించండి: మనం పిలిచే పేరు, ఏ వాగు, ఏ నెల, వలా ఊతా, చెప్పింది ఎవరు. లేకపోతే ఈ వానాకాలమే రాయించండి.