నేలలో దొరికిన దవడ ఎముక: గుర్తింపు
తాండూరు నల్లరేగడి కంది చేనులోనో, వికారాబాద్ ఎర్రమట్టి గుట్టల్లోనో మీకు జంతువు దవడ ఎముక కనిపించిందనుకోండి. ముందుగా దంతాలను పరిశీలించండి. నమిలే దంతాలపై అర్ధచంద్రాకార గీతలుంటే అది పశువు, మేక, జింక వంటి నెమరువేసే జంతువుది; గుండ్రని బుడిపెలుంటే పందిది; కత్తెరలా పదునుగా ఉంటే మాంసాహారిది. బేతంచెర్ల సమీపంలోని బిల్లసర్గం గుహల్లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు 1884-85లో తవ్వితీసిన ఎముకలను లిడెక్కర్ పరిశీలించి, నేడు అక్కడ లేని ఖడ్గమృగాన్ని గుర్తించారు.

అయితే దంతాలు జంతువును చెబుతాయి గాని కాలాన్ని చెప్పవు. రంగు నల్లబడినంత మాత్రాన ఎముక ప్రాచీనమైనది కాదు. కాలనిర్ణయానికి మట్టిపొర, పక్కనున్న కుండపెంకులు, రాతి పనిముట్లు ఆధారం. అందువల్ల ఎముకను పెకలించి ఇంటికి తెస్తే దాని చరిత్రలో సగం పోతుంది. ఉన్నచోటే ఫొటో తీసి, లోతు రాసుకొని, పురావస్తు శాఖకు తెలియజేయండి.