అమెరికా కళాశాలల ఈత: మీ బిడ్డకు తగిన శ్రేణి ఏది?

"మా వాడికి ఈతలో రాష్ట్రస్థాయి పతకం వచ్చింది మాష్టారూ, అమెరికాలో చదువు ఉచితమట కదా?" అని హోసూరు, బళ్ళారి వైపు తల్లిదండ్రులు అడుగుతుంటారు. ఉచితమనే మాట దగ్గరే చిక్కు ఉన్నది.

అక్కడి కళాశాల క్రీడలలో ప్రధాన సంస్థ 1906లో ఏర్పడిన ఎన్.సి.ఎ.ఎ. అందులో మూడు డివిజన్లు. మొదటి రెండింటిలో క్రీడా ఉపకారవేతనం ఉంటుంది. మూడవదానిలో ఉండదు; ప్రతిభనుబట్టి, కుటుంబ అవసరాన్నిబట్టి ఇచ్చే సహాయమే ఉంటుంది. హార్వర్డ్, యేల్ వంటి ఐవీ లీగ్ విద్యాలయాలు మొదటి డివిజన్‌లోనివే అయినా క్రీడావేతనం ఇవ్వవు. వీటికి వెలుపల ఎన్.ఎ.ఐ.ఎ. అనే మరొక సంఘం, రెండేళ్ళ కళాశాలలు కూడా ఉన్నవి.

మూడవదంటే నాసిరకమని తలచరాదు. ఒహాయో రాష్ట్రంలో గాంబియర్ అనే చిన్న గ్రామంలోని కెన్యన్ కళాశాల పురుషుల జట్టు 1980 నుండి 2010 వరకు వరుసగా 31 సార్లు ఆ డివిజన్ విజేతగా నిలిచింది.

ఇక డబ్బు. చాలాకాలం మొదటి డివిజన్‌లో పురుషుల ఈత జట్టుకు 9.9, స్త్రీల జట్టుకు 14 పూర్తి వేతనాలే పరిమితి. ఆ 9.9నే పాతిక ముప్ఫై మందికి పంచేవారు. పూర్తి వేతనం దక్కేది ఏ కొద్దిమందికో. 2025లో కోర్టు ఆమోదించిన ఒప్పందంలో చేరిన విద్యాలయాలకు ఆ పరిమితి పోయి, జట్టులో ఇందరే ఉండాలన్న లెక్క వచ్చింది. పరిమితి పోయినంత మాత్రాన నిధులు పెరిగినట్లు కాదు. వేతనం పోగా మిగిలిన ఖర్చుకు మొదటి సంవత్సరపు సొమ్ము చూపితేగాని వీసాకు కావలసిన ఐ-20 పత్రం రాదు. పొలం తాకట్టు మాట అక్కడే వస్తుంది.

తగిన జట్టును గుర్తించడానికి పతకాలకన్నా గడియారం మేలు. మన పిల్లలు 50 మీటర్ల కొలనులో ఈదుతారు. అక్కడి కళాశాల పోటీలు 25 గజాల కొలనులో, అనగా 22.86 మీటర్లలో. మలుపులు ఎక్కువ కాబట్టి కాలమానాన్ని మార్చి చూడాలి. ఆ జట్టు పాల్గొనే సమాఖ్య పోటీల గత సంవత్సరపు ఫలితాలు బహిరంగంగానే దొరుకుతాయి. మీ బిడ్డ కాలం అందులో 16వ స్థానానికి దగ్గరగా ఉంటే కోచ్ ఆసక్తి చూపవచ్చు. చాలా దూరమైతే జట్టులో చోటు దొరికినా ఒడ్డున కూర్చోవడమే.

చదువునూ తూచాలి. మొదటి డివిజన్‌లో పోటీల కాలంలో వారానికి 20 గంటల సాధన అనుమతి. ప్రయాణాలు ఈ లెక్కలోకి రావు. ప్రయోగశాల చదువులకు ఇది బరువే. మొదటి రెండు డివిజన్లలో చేరడానికి తొమ్మిదవ తరగతి నుండి 16 ముఖ్య పాఠ్యాంశాల మార్కులు పరిశీలిస్తారు. కనుక ఆ మార్కుల జాబితాలు పారవేయకండి.

భుజం దెబ్బతిని ఈత ఆగిపోయినా ఆ కళాశాలలో చదవడం మీ బిడ్డకు ఇష్టమేనా అని ముందే అడగండి. వేతనం ఎన్నేళ్ళకు, ఎంత, గాయమైతే ఏమిటి అనే మూడింటికీ దళారి నోటిమాట చాలదు. కళాశాల ఆర్థిక సహాయ విభాగం నుండి వ్రాతపూర్వకంగా తీసుకొన్న తరువాతే రుసుము కట్టండి.